డాబా మీద బ్లూబెర్రీ, హైదరాబాద్ వాన, ఫంగస్: మందు కొట్టే ముందు చూస్కోవాల్సినవి

పోయిన ఆదివారం మా కజిన్ కొంపల్లి నుంచి ఫోటో పంపాడు, కుండీలో బ్లూబెర్రీ మొక్క, ఆకులన్నీ వేలాడిపోయి ఉన్నాయి, కింద "ఫంగస్ వచ్చింది, ఏం కొట్టాలి" అని మెసేజ్. నేను అడిగింది ఒక్కటే, కుండీ కింద ప్లేట్ ఉందా అని. ఉంది. ప్లేట్ నిండా నీళ్ళు కూడా ఉన్నాయి. ఇంక కొట్టడానికేముంది, ముందు ఆ ప్లేట్ తీసి అవతల పెట్టమన్నా.

వాడికి ఫోన్లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మియాపూర్‌లో మా డాబా మీద ఆరేళ్ళ నుంచి బ్లూబెర్రీ పెంచుతున్నా, ఇప్పుడు తొమ్మిది కుండీలున్నాయి, పోయినవి ఐదు, ఆ ఐదింట్లో మూడు నా చేతులారా చంపుకున్నవే. కెమికల్ వాడను, ఇంట్లో పిల్లలు చెట్టు మీదవే తెంపుకుని నోట్లో వేస్కుంటారు కాబట్టి.

అసలిది మన నేల మొక్క కాదు. అమెరికాలో ఆమ్లం ఎక్కువుండే ఇసుక నేలల్లో అడివిగా పెరిగే పొద, దాన్ని తోట పంటగా మార్చింది న్యూజెర్సీలో ఎలిజబెత్ వైట్, ఫ్రెడెరిక్ కోవిల్ అని ఇద్దరు, వాళ్ళ పంట మొదట అమ్మకానికి వచ్చింది 1916లో. మామిడి, జామలతో చూస్తే నిన్నగాక మొన్నటి పంట అన్నమాట. చలి పెద్దగా అక్కర్లేని రకాలు తర్వాత వచ్చాయి, మిస్టీ, బిలాక్సీ, షార్ప్‌బ్లూ, ఎమరాల్డ్ లాంటివి, మన దగ్గర కుదిరితే కుదిరేది వీటితోనే. నర్సరీ వాడు ఉత్త "బ్లూబెర్రీ" అని చెప్పి రకం పేరు చెప్పకపోతే కొనకండి.

ఇంకో మాట. నెట్‌లో బయటి దేశాల గైడ్లు తెరిస్తే మొదటి పేజీలోనే మమ్మీ బెర్రీ అని ఒక తెగులు గురించి భయపెట్టేస్తారు, కాయ ఎండి ముడుచుకుపోయి కింద పడి, చలికాలమంతా నేలలో పడుండి వసంతంలో మళ్ళీ మొలుస్తుంది. దానికి గట్టి చలి పడాలి. మన ఊళ్ళో జనవరి రాత్రి స్వెట్టర్ వేసుకునే చలి దానికి ఏ మూలకీ సరిపోదు, కాబట్టి దాన్ని లైట్ తీస్కోండి. మన పరేషాన్లు వేరు.

వేరుకుళ్ళు, అన్నిటికన్నా పెద్ద దొంగ

రెండో ఏడు ఆగస్టులో వారం రోజులు వదలకుండా ముసురు పట్టింది. మిస్టీ మొక్క ఒక మధ్యాహ్నం తల వాల్చేసింది. మన బుర్రకి మొదట తట్టేది ఏంటి, నీళ్ళు చాల్లేదేమో అని, ఒక మగ్గు పోశా. సాయంత్రానికి ఇంకా వాలింది, ఇంకో మగ్గు పోశా. మూడో రోజు మా వాచ్‌మన్ అన్న ట్యాంక్ చూడ్డానికి పైకొచ్చి, మొక్క మొదలు పట్టుకుని అటూ ఇటూ ఊపి, "సార్, గిది నీళ్ళు లేక కాదు, నీళ్ళల్ల మునిగి సస్తున్నది" అన్నాడు. నమ్మబుద్ధి కాలేదు గానీ కుండీ బోర్లించా. వేర్లు టీ వడగట్టాక జల్లెడలో మిగిలే పిప్పిలా ఉన్నాయి. ఒక వేరు రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు ఉడకబెట్టిన పల్లీకాయ తొక్కలాగా జారి చేతిలోకొచ్చి, లోపల సన్నటి దారం మిగిలింది. వాసన మురుగు కాలవ దగ్గర వచ్చే వాసన.

ఇది చేసేది ఫైటోఫ్తోరా సిన్నమోమీ అనేది. అందరం ఫంగస్ అనేస్తాం గానీ లెక్క ప్రకారం ఇది ఫంగస్ కాదు, ఊమైసీట్ అనే వేరే జాతి, సముద్రపు గోధుమరంగు నాచుకి దగ్గర చుట్టం. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, దీని బీజాలకి తోకలుంటాయి, నీళ్ళలో ఈదుకుంటూ వేరు దగ్గరికి వెళ్తాయి, అంటే మట్టి రంధ్రాల్లో నీళ్ళు నిలబడి ఉంటేనే దానికి రోడ్డు ఉన్నట్టు. పైగా బ్లూబెర్రీ వేర్లు జుట్టులా సన్నం, మిగతా మొక్కలకి ఉండే నూగు వేర్లు దీనికి ఉండవు, పైపైనే పరుచుకుంటాయి, కాబట్టి గాలాడకపోతే రెండ్రోజుల్లో నీరసపడతాయి.

గుర్తుపట్టడం ఎలా అంటే, మొక్క వాడి ఉండి మట్టి తడిగా ఉంటే వేరుకుళ్ళు, మొక్క వాడి మట్టి పొడిగా ఉంటే దాహం. ఎండాకాలం మధ్యాహ్నం వాడి సాయంత్రం లేచి నిలబడితే అది ఎండ, ఏం చెయ్యక్కర్లేదు. అనుమానంగా ఉంటే పాఠాలు చదువుతూ కూర్చోకుండా కుండీ బోర్లించి చూసేయండి, బ్లూబెర్రీ వేరు ముద్ద మొత్తంగా బయటికొచ్చేస్తుంది, మళ్ళీ పెట్టేస్తే ఏం కాదు. మంచి వేరు తెల్లగానో లేత గోధుమరంగులోనో ఉండి లాగితే సాగదు, తోలు ఊడదు.

సగం కన్నా తక్కువ కుళ్ళితే కాపాడొచ్చు. కుళ్ళిందంతా కత్తెరతో కోసేసి, పాత మట్టి దులిపేసి, కొత్త మిక్స్‌లో కాస్త చిన్న కుండీలోకి మార్చి, పై కొమ్మలు మూడోవంతు తగ్గించి నీడలో పెట్టండి. సగం దాటితే మాత్రం మొక్క, మట్టి రెండూ పారేయండి, ఆ మట్టి ఇంకో కుండీలో వెయ్యకండి, కుండీని బ్లీచింగ్ నీళ్ళతో కడిగి ఎండలో పడేయండి. ఈ స్టేజీలో కొందరు పొటాషియం ఫాస్ఫోనేట్ పొయ్యమంటారు, పని చేస్తుంది కూడా, కానీ అది ఆర్గానిక్ కిందికి రాదు. ఆర్గానిక్‌లో కుళ్ళిన వేరుని బాగుచేసే మందంటూ లేదు, రాకుండా చూస్కోవడమే ఉంది.

రాకుండా అంటే ఇదిగో. కుండీ కింద ప్లేట్ వద్దు. కుండీని రెండు ఇటుకల మీదో మూడు టైల్ ముక్కల మీదో లేపండి, డాబా ఫ్లోర్‌కి కుండీ అడుగు అతుక్కుంటే బొక్కలున్నా లేనట్టే. కుండీ వెడల్పుగా ఉండాలి గానీ లోతు మరీ అవసరం లేదు, నేను 18 అంగుళాల గ్రో బ్యాగులు వాడుతున్నా. మట్టి అనేదే వద్దు. మన ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) సమానంగా కలిపే మిక్స్ ఉంది కదా, గులాబీకీ టమాటాకీ బంగారం అది, బ్లూబెర్రీకి మాత్రం వద్దు, వర్మీ కంపోస్టు పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 కన్నా తగ్గేకొద్దీ ఆమ్లం) 7 దగ్గరుంటుంది, నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. నా మిక్స్ సగం పైన్ బార్క్ (పైన్ చెట్టు బెరడు) ముక్కలు, మిగతా సగంలో ఎక్కువ కోకోపీట్, కొంచెం పెర్లైట్ అనే తేలికపాటి తెల్ల గుళికలు. పైన్ బార్క్ ఆన్‌లైన్లో తెప్పించుకోవాలి, ఖరీదే, ఏడుస్తూ కొంటా. కోకోపీట్ ఇటుకల్లో ఉప్పు ఉంటుంది, నానబెట్టి పిండి, మళ్ళీ నానబెట్టి పిండి, బయటికొచ్చే నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగున్న ఉప్పుల లెక్క) మీరు పోసిన నీళ్ళ టీడీఎస్‌కి దగ్గరగా వచ్చేదాకా కడగండి. కాల్చిన ఊక, బూడిద అస్సలు వెయ్యకండి, పీహెచ్ ఆకాశానికి పోతుంది.

ఫంగస్ అనుకునేవాటిలో సగం నీళ్ళ గొడవే

ఆకు పసుపుపచ్చగా అయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగిలితే అది తెగులు కాదు. పీహెచ్ ఎక్కువై మొక్కకి ఐరన్ అందట్లేదు అంతే. ఆకు అంచులు గోధుమరంగులో మాడితే ఉప్పు. డిసెంబర్‌లో ఆకులు ఎర్రబడితే చలి, చూడ్డానికి బాగుంటుంది, ఫోటో తీసి వదిలేయండి. ఈ మూడిటికీ ఫంగస్ మందు కొట్టి డబ్బులు తగలేసినవాళ్ళని చాలామందిని చూశా, అద్దంలో కూడా.

దీనికి కావాల్సింది 4.5 నుంచి 5.5 పీహెచ్. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళు 7.8, టీడీఎస్ 900 చిల్లర, ట్యాప్ తిప్పితే బకెట్ అంచుకి తెల్ల గీత పడిపోతుంది. మున్సిపల్ కుళాయి నీళ్ళు దానికన్నా నయం గానీ అవి కూడా కాస్త క్షారమే. ఈ నీళ్ళు రోజూ పోస్తుంటే ఎంత ఆమ్లం మిక్స్ వేసినా ఆరు నెలల్లో పీహెచ్ ఎక్కేస్తుంది, మొక్క నీరసపడుతుంది, నీరసపడ్డ మొక్కని ఫంగస్ వెతుక్కుంటూ వస్తుంది. ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు "వేస్ట్ ఎందుకు" అని మొక్కలకి పోస్తారు చూడండి, ఆ పైపులోంచి వచ్చేది ఉప్పంతా పోగేసిన నీళ్ళు, బ్లూబెర్రీకి అది విషంతో సమానం. మా ఇంట్లో ఇప్పటికీ ఆ బకెట్‌కీ నా కుండీలకీ మధ్య నేనే కాపలా.

నేను చేసేది, పది లీటర్ల బకెట్లో కిరాణా షాపులో దొరికే నిమ్మ ఉప్పు కొంచెం కొంచెంగా వేసి కలుపుతూ పీహెచ్ కాగితంతో చూడ్డం, 5.5 దగ్గర ఆపెయ్యడం. మా బోరు నీళ్ళకి ఒక టీస్పూన్ దగ్గర ఆగుతుంది, మీ నీళ్ళు వేరు, మీరే కొల్చుకోండి, నా లెక్క పట్టుకుని పోసేయకండి. ఏప్రిల్, మేలో ఏసీ పైపు కింద బకెట్ పెడతా, ఆ నీళ్ళలో ఖనిజాలు దాదాపు ఉండవు, రాత్రికి ఎనిమిది లీటర్లు ఊరికే వస్తాయి. గంధకం పొడి కుండీలో కలిపితే కూడా పీహెచ్ తగ్గుతుంది, కానీ దాన్ని మట్టిలోని బ్యాక్టీరియా తిని ఆమ్లంగా మార్చాలి, నెలలు పడుతుంది, ఇవాళ వేసి రేపు చూస్తే ఏం ఉండదు.

అసలు తమాషా ఏంటంటే దీనికి అన్నిటికన్నా మంచి నీళ్ళు వాన నీళ్ళే, ఆ వానే ఆకుల మీద పడితే తెగుళ్ళు మోసుకొస్తుంది. అందుకని నేను వానని పైనుంచి ఆపి కిందనుంచి ఇస్తా. కుండీల పైన 200 మైక్రాన్ల యూవీ షీట్ ఏటవాలుగా కట్టి, జారిన నీళ్ళు డ్రమ్ములో పడేట్టు పెట్టా, ఆ డ్రమ్ము నీళ్ళే పొద్దున్నే మొక్క మొదలు దగ్గర పోస్తా. డ్రమ్ము మీద దోమతెర కట్టడం మర్చిపోకండి, బ్లూబెర్రీ బతికి ఇంటిల్లిపాదికీ డెంగీ వస్తే బాగోదు. షేడ్‌నెట్ ఉంది కదా అని ఊరుకోకండి, షేడ్‌నెట్ ఎండకి, వాన దాన్లోంచి కారిపోతూనే ఉంటుంది. షీట్ నాలుగు పక్కలా మూసేయకూడదు కూడా, పైన మాత్రమే, పక్కలనుంచి గాలి ఆడాలి, మూసేస్తే అది ఆవిరి ఇడ్లీపాత్రే.

ట్రైకోడెర్మా సరిగ్గా వాడితేనే

మిత్ర ఫంగస్ అంటారే, ఆ ట్రైకోడెర్మా వేర్ల చుట్టూ ముందే చేరి చోటు పట్టేస్తే చెడ్డవాటికి చోటుండదు, కొన్నిటిని పట్టుకుని తినేస్తుంది కూడా. బస్సులో కర్చీఫ్ వేసి సీటు ఆపడం లాంటిది, అందరూ ఎక్కాక వేస్తే లాభం లేదు, అందుకే వేరుకుళ్ళు వచ్చాక పోస్తే పెద్దగా పనిచెయ్యదు. ఆమ్లంగా ఉండే మిక్స్‌లో ఇది బాగానే బతుకుతుంది, అది మనకి కలిసొచ్చింది. సూడోమోనాస్ అనే మంచి బ్యాక్టీరియా కూడా కలిపి పొయ్యమంటారు, దానికి పీహెచ్ 7 చుట్టుపక్కల ఇష్టం, బ్లూబెర్రీ కుండీలో నేను దాని మీద ఆశ పెట్టుకోను.

ప్యాకెట్ కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఇది బతికున్న సరుకు. ఒక షాపులో, పేరెందుకు లెండి, మే నెల ఎండలో రోడ్డు మీదికి పేర్చిపెట్టిన ప్యాకెట్ నాకు అంటగట్టారు, ఇంటికొచ్చి చూస్తే గడువు దాటి మూడు నెలలు. పోసినా ఒకటే పొయ్యకపోయినా ఒకటే. గ్రాముకి కనీసం 20 లక్షల సీఎఫ్‌యూ (బతికున్న బీజాల లెక్క) ఉండాలి, లేబుల్ మీద 2 పక్కన పది ఘాతం 6 అని రాసుంటుంది. లీటరు నీళ్ళకి పది గ్రాములు కలిపి, కుండీకి ఒక లీటరు, మట్టి కాస్త తడిగా ఉన్నప్పుడు సాయంత్రం పూట పొయ్యండి. కుళాయి నీళ్ళైతే ముందురోజు బకెట్లో పట్టి ఉంచండి, క్లోరిన్ పోతుంది. మొదటి డోసు మృగశిర కార్తె వచ్చేలోపు పడాలి, తర్వాత వానలు ఆగేదాకా నెలకోసారి. రాగి మందు ఏదైనా వాడితే రెంటికీ మధ్య కనీసం పదిహేను రోజులు, లేకపోతే మీ చేత్తో పోసిన మిత్రుణ్ణి మీ చేత్తోనే చంపినట్టు.

ఆకుల మీద వచ్చేవి

సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఆకు తిప్పి చూడటం అలవాటు చేస్కోండి. పైన పసుపు చుక్కలు, కింద పసుపు నారింజ మధ్య రంగులో పొడి, వేలితో రుద్దితే అంటుకుంటుంది, అది తుప్పు తెగులు. చలిదేశాల్లో ఆకులన్నీ రాలిపోతాయి కాబట్టి కొంత తెగులు వాటితోపాటే పోతుంది, మన దగ్గర బ్లూబెర్రీ ఏడాదంతా ఆకులతోనే ఉంటుంది, పాత ఆకు నుంచి కొత్త ఆకుకి పాకుతూనే ఉంటుంది. మొక్కకి పది పదిహేను ఆకుల్లో ఉన్నప్పుడే తెంపి కవర్లో వేసి చెత్తబండికి ఇచ్చేయండి, మీ కంపోస్టు డబ్బాలో కాదు. సగం మొక్కకి పట్టేదాకా చూస్తూ కూర్చుంటే ఆకులన్నీ రాల్చేసి బోడిగా నిలబడుతుంది, ఆ ఏడు పూత మీద ఆశ వదులుకోండి.

చిన్నచిన్న మచ్చలు, మధ్యలో తెల్లగా చుట్టూ ఊదా అంచు ఉంటే సెప్టోరియా ఆకుమచ్చ. ఇది నేల నుంచి చినుకు చిమ్మి కింది ఆకులకి ముందు వస్తుంది, అందుకే కుండీ పైన రెండు మూడు అంగుళాలు ఎండు ఆకులో బార్క్ ముక్కలో పరచండి, మొదలుకి మాత్రం తగలనివ్వకండి. నేను సరుగుడు ఆకు దొరికితే అది వేస్తా, పీహెచ్ తగ్గుతుందని కాదు, చిమ్మకుండా ఉంటుందని. బూడిద తెగులు అంటే ఆకు మీద తెల్లటి పొడి, ఇది వానకి కాదు, పొడి పగళ్ళు తేమ రాత్రులు ఉన్నప్పుడు, నీడ ఎక్కువైన మూల కుండీకి వస్తుంది. కుండీ జరిపితే సగం తగ్గిపోతుంది. ఒక వంతు పాలు తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఎండ ఉన్న పొద్దున కొడితే మొదట్లో ఆగుతుంది. పుల్ల మజ్జిగ కూడా కొడతారు, నేనూ కొట్టా, పది లీటర్లకి అర లీటరు, కొంచెం పనిచేసింది, డాబా మాత్రం రెండ్రోజులు పాలకేంద్రం వాసన కొట్టింది. ముదిరితే నీళ్ళలో కలిసే గంధకం లీటరుకి రెండు గ్రాములు, కానీ ఎండ 32 డిగ్రీలు దాటే రోజుల్లో వద్దు, ఆకు మాడుతుంది, వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు కూడా వద్దు.

కుండీకీ కుండీకీ మధ్య మూడడుగులు వదలండి. డాబా చిన్నది, మొక్కలు ఎక్కువ, నాకు తెలుసు. అయినా వదలండి.

కొమ్మ ఎండు

ఒక పొద్దున చూస్తే పచ్చటి మొక్కలో ఒకే ఒక్క కొమ్మ, ఆకులు రాలకుండా అలాగే ఎండి, ఎర్రగోధుమ రంగులో జెండాలా నిలబడి ఉంటుంది. ఇది బోట్రియోస్ఫేరియా జాతి ఫంగస్. ఆ కొమ్మని అడ్డంగా కోసి చూస్తే లోపల చెక్క ఒకవైపు లేత కాఫీ రంగు, ఇంకోవైపు మామూలు తెలుపు. ఆ కాఫీ రంగు కనపడనంత వరకు, ఇంకా జానెడు కిందికి కొయ్యాలి. నేను మొదటిసారి మొహమాటపడి ఎండినంతవరకే కత్తిరించా, నెలకి పక్క కొమ్మ, ఇంకో నెలకి మొదలు. ఐదింట్లో ఒకటి అలా పోయింది.

ఇది గాయం లోంచి దూరుతుంది, అందుకే ప్రూనింగ్ ఎప్పుడు అనేది ముఖ్యం. వానలో, ముసురులో కత్తెర ముట్టుకోకండి. కాయలు అయిపోయాక ఏప్రిల్ చివర్లో పొడిగా ఉన్న రోజు చూసి మధ్యలో అడ్డదిడ్డంగా పెరిగినవి, నేలకి తగిలేవి తీసేస్తే చాలు. ఒక కుండీ నుంచి ఇంకో కుండీకి వెళ్ళేముందు కత్తెరని స్పిరిట్‌తో తుడవండి. మరీ బోడిగుండు కొట్టకండి, వెనకాలే రోళ్ళు పగిలే రోహిణి వస్తోంది, నీడ లేని కాండం ఎండకి చిట్లితే ఆ చిట్లిన చోటే మళ్ళీ ఫంగస్‌కి గుమ్మం. ఆ ఎండలు తగ్గేదాకా 50 శాతం షేడ్‌నెట్ కట్టండి. నత్రజని ఎక్కువ పెట్టి వానాకాలం చివర్లో లేత కొమ్మలు గుప్పుమనిపించినా ఇదే గొడవ, ఆగస్టు తర్వాత నేను ఎరువు చెయ్యి ఆపేస్తా.

పూత, కాయ

మా డాబా మీద పూత నవంబర్ చివర్నుంచి, కాయ ఫిబ్రవరి నుంచి. పూత టైంలో రాత్రి చల్లగా ఉండి పొద్దున మంచు పడుతుంది కదా, పువ్వు తడిగా ఉండిపోతే బోట్రైటిస్ వస్తుంది, పువ్వు గోధుమరంగుకి మారి దాని మీద బూడిదరంగు నూగు. ద్రాక్షకి వచ్చేది అదే, స్ట్రాబెర్రీకి వచ్చేది అదే. రాలాల్సిన పూరేకులు గుత్తికి అతుక్కుని ఉంటే దానికి అదే ఇల్లు, పొద్దున తడి ఆరాక కొమ్మని వేలితో మెల్లగా తడితే రాలిపోతాయి. పొద్దున ఒక గంట టేబుల్ ఫ్యాన్ తిప్పినా తడి ఆరుతుంది, మా ఇంట్లో నవ్వుతారు, నవ్వనీండి. పూత మీద ఏ మందూ వద్దు, తేనెటీగలు వస్తాయి.

కాయకి వచ్చేది ఆంత్రాక్నోస్, మామిడినీ మిరపనీ పీడించే కుటుంబమే. దీని దొంగబుద్ధి ఏంటంటే పచ్చికాయప్పుడే లోపలికి దూరి ఏమీ తెలియనట్టు కూర్చుంటుంది, పండి నీలంగా అయ్యాక పండు చివర మెత్తబడి, మీద నారింజ రంగు జిగురు చుక్కలు కనిపిస్తాయి. అప్పటికి చేసేదేం లేదు. మార్చి, ఏప్రిల్‌లో అకాల వాన పడబోతోంది అని తెలిస్తే పండినవన్నీ ముందురోజే కోసేయండి. మామూలుగా అయితే రెండు మూడు రోజులకోసారి కోత, చెట్టు మీద మగ్గనివ్వకూడదు. తడి ఆరాక కొయ్యండి, కడక్కుండా, పైన ఉన్న తెల్లటి పొడి చెరపకుండా, వెడల్పు డబ్బాలో టిష్యూ వేసి ఒకే వరసగా పరిచి వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, తినేముందు కడుక్కోండి. పావురాలు, పిగిలిపిట్టలు పొడిచిన కాయ కూడా కుళ్ళుకి మొదలే, వల కట్టండి.

ఇంక స్ప్రే

అన్నీ చేశాక కూడా ఆకుమచ్చ, తుప్పు ఆగకపోతే ఆర్గానిక్‌లో గట్టి మందు బోర్డో మిశ్రమం, అంటే మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అందులో ఉండేది రాగి), సున్నం కలిపింది. సేంద్రియ నిబంధనల్లో రాగి వాడొచ్చు గానీ పరిమితి ఉంది, మట్టిలో పేరుకుపోతుంది కాబట్టి. నేను ఏడాదికి రెండుసార్లే, ప్రూనింగ్ అయ్యాక ఒకటి, సెప్టెంబర్‌లో వాన తెరిపిచ్చినప్పుడు ఒకటి, పూత, కాయ ఉన్నప్పుడు ఎప్పుడూ కాదు.

ఒక శాతం అంటే పది లీటర్లకి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం. డాబాకి మూడు లీటర్లు చాలు, ముప్పై, ముప్పై. లేత ఆకులుంటే అందులో సగం బలం చాలు. మైలుతుత్తం ప్లాస్టిక్ బకెట్లో లీటరున్నర నీళ్ళలో రాత్రే నానెయ్యండి, ఇనుప బకెట్ అయితే బకెట్ పోతుంది. సున్నం ఇంకో లీటరున్నరలో కలిపి గుడ్డలో వడగట్టండి. తుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి మెల్లగా పోస్తూ పుల్లతో తిప్పుతూ ఉండాలి, తిరగేసి పొయ్యకూడదు. ఆకాశం రంగు వస్తుంది. ఒక పాత ఇనుప చాకు ఒక నిమిషం ముంచి తీయండి, దానిమీద రాగి ఎరుపు పడితే తుత్తం ఎక్కువైంది, ఇంకాస్త సున్నం నీళ్ళు పొయ్యండి, పడకపోతే సరిపోయింది. ఆరోజే వాడెయ్యాలి, మిగిలితే రేపటికి పనికిరాదు. మబ్బు లేని చల్లటి పొద్దున, మాస్క్, గ్లోవ్స్ వేసుకుని, ఆకు కింది వైపు తడిసేలా కొట్టండి.

ఇక్కడ బ్లూబెర్రీకి మాత్రమే ఉన్న మెలిక ఒకటుంది. బోర్డోలో ఉండేది సున్నం, అది కారి కుండీలో పడితే మనం నిమ్మ ఉప్పుతో కష్టపడి దించిన పీహెచ్ మళ్ళీ పైకి. స్ప్రే చేసేముందు కుండీ మొదట్లో పాత పాలిథీన్ కవర్ కోసి కప్పండి, ఆకులు ఆరాక తీసేయండి. పొటాషియం బైకార్బొనేట్ కొట్టినా ఇదే జాగ్రత్త.

వేపనూనె సంగతి అడుగుతారు. లీటరుకి ఐదు మి.లీ., కుంకుడు రసం నురగలో బాగా కలిపి సాయంత్రం కొడితే పురుగుకి మంచిదే, ఫంగస్‌కి దాని మీద భారం వెయ్యకండి. జీవామృతం నేను మిగతా మొక్కలన్నిటికీ పోస్తా, వీటికి పొయ్యను, పేడ ఎరువు కూడా వెయ్యను. మీరు అమ్మకానికి పెంచుతూ ఆర్గానిక్ అని ముద్ర వేస్కోవాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ అపెడా వాళ్ళ ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ ఆర్గానిక్ సర్టిఫికెట్ కావాలి, ఏ మందు ఎప్పుడు ఎంత కొట్టారో తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుండాలి. అమ్మకపోయినా రాయండి, నేను పాల ప్యాకెట్ క్యాలెండర్ మీదే రాస్తా.

కజిన్ మొక్క విషయానికొస్తే, నిన్న కుండీ బోర్లించి వేర్ల ఫోటో పంపాడు, ఒకవైపు నల్లగా, మిగతా మూడొంతులు లేత గోధుమరంగు, బతుకుతుంది. కుండీ కింద ఇటుకలు పెట్టావా అంటే ప్లేట్‌కి బొక్కలు పెట్టా అన్నాడు. ఇవాళ సాయంత్రం నేనే ఇటుకలు పట్టుకుని వెళ్తున్నా.